నీతిని నిలదీసే హక్కు ఎవరిది?

1886లో లైప్‌జిగ్ నగరంలో ‘మంచిచెడులకు ఆవల’ అనే పుస్తకం వెలువడింది. ప్రచురించేవాళ్లు దొరక్క అచ్చు ఖర్చు రచయితే భరించాడు. ఏడాది తిరగబోతుండగా లెక్క చూసుకుంటే అమ్ముడైనవి 114 ప్రతులు. ఆ రచయిత ఫ్రీడ్రిక్ నీషే. చెప్పింది ఎవరికీ సరిగా అందలేదనిపించి, 1887లో దానికి అనుబంధంగా ‘నీతి వంశావళి’ రాశాడు. దానికీ సొంత డబ్బే పెట్టాడు. అప్పటికి ఆయన చూపు మందగించింది. తలనొప్పులు రోజుల తరబడి మంచాన పడేసేవి. బాసెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి వదులుకుని, అక్కడినుంచి వచ్చే పింఛను మీద బతుకుతూ, స్విట్జర్లాండ్ కొండల్లోని సిల్స్ మరియా అనే పల్లెలో అద్దె గదిలో వేసవులు గడిపేవాడు. 1889 జనవరిలో టురిన్ నగరంలో ఆయనకు మతి చలించింది. కోలుకోకుండానే 1900 ఆగస్టు 25న కన్నుమూశాడు.

అంత తక్కువమంది చదివిన ఆ రెండు పుస్తకాలను పక్కనపెట్టి శక్తి గురించీ, మనిషి సంకల్పం గురించీ, నీతి గురించీ ఇవాళ ఎవరూ చర్చించలేరు. దానికి కారణం అందులోని ప్రశ్న. అంతకుముందు తత్వవేత్తల్లో ఎక్కువమంది ఏది మంచి, ఏది చెడు అని అడిగారు. మంచి అంటే మంచే అన్న నమ్మకం మీద నిలబడి అడిగారు. నీషే ఆ నేలనే తవ్వాడు. దయ, త్యాగం, వినయం, సమానత్వం వంటివి గొప్ప విలువలు అంటున్నాం సరే, వాటికి ఆ గొప్పతనం ఎక్కడినుంచి వచ్చింది? ఎవరి అవసరంలోంచి పుట్టాయి? అవి మనిషి బతుకును పెంచాయా, కుదించాయా? విలువలకే విలువ కట్టమన్నాడు ఆయన.

ఈ ప్రశ్న ఎంత అవసరమో, దానికి నీషే చెప్పిన జవాబు అంత ప్రమాదం. ప్రశ్నను నిలుపుకుని జవాబును వదులుకోవాలన్నది ఈ వ్యాసం వాదన. అందుకు కావలసిన ఆధారం మన దేశంలోనే ఉంది. మనుస్మృతిని నీషే చదివిన తీరులో ఒక సగం, నీషేను అంబేద్కర్ చదివిన తీరులో మిగతా సగం దొరుకుతాయి.

రెండు పాత జవాబులు

నీతి వెనక శక్తి ఉందన్న అనుమానం నీషేతో మొదలు కాలేదు. ప్లేటో రాసిన ‘రిపబ్లిక్’ మొదటి భాగంలో త్రాసిమాకస్ అనే వాగ్మి సోక్రటీసు మీద విరుచుకుపడతాడు. న్యాయమంటే బలవంతుడి ప్రయోజనమే తప్ప మరొకటి కాదంటాడు. ఎక్కడ ఎవరు ఏలుతుంటే వాళ్లు తమకు లాభించే శాసనాలు చేసి, వాటికి న్యాయమని పేరు పెడతారన్నది అతని వాదం. అదే ప్లేటో రాసిన ‘గోర్గియాస్’లో కాలిక్లిస్ దీనికి సరిగ్గా ఎదురు మాట చెబుతాడు. నీతులు చేసింది బలహీనులేనట. వాళ్లు ఎక్కువమంది కాబట్టి, బలవంతుణ్ణి చిన్ననాటినుంచే సింహపు పిల్లను మచ్చిక చేసినట్టు చేసి, అందరితో సమానంగా ఉండడమే ధర్మమని నూరిపోశారట.

ఇద్దరూ నీతిని అనుమానించినవాళ్లే. ఒకరి లెక్కలో నీతి పైవాడి చేతి ఆయుధం, రెండోవారి లెక్కలో కిందివాడి చేతి ఆయుధం. ఈ తేడాను గుర్తుంచుకుంటే ఆ తర్వాతి రెండు వేల నాలుగొందల ఏళ్ల చర్చలో ఎవరు ఏ పక్కన నిలబడ్డారో తేలిగ్గా తెలుస్తుంది.

క్రీ.పూ. 416లో ఏథెన్స్ సేన మేలోస్ అనే చిన్న ద్వీపాన్ని చుట్టుముట్టింది. లొంగిపొమ్మని చెప్పడానికి వచ్చిన రాయబారులు న్యాయం ఊసు ఎత్తవద్దని ముందే తేల్చేశారు. ఇరుపక్కలా బలం సమానమైతేనే ఆ మాటకు చోటుంటుందన్నారు. మేలోస్ లొంగలేదు. పట్టుబడ్డాక మగవాళ్లను చంపేసి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేశారు. దీన్నంతా ఎక్కడా కళ్లు మూసుకోకుండా రాసిన చరిత్రకారుడు థూసిడిడిస్ అంటే నీషేకు ఎంతో గౌరవం. ప్లేటో ఆదర్శాల చాటుకు పారిపోయాడనీ, థూసిడిడిస్ ఉన్నది ఉన్నట్టు చూడగలిగాడనీ ఆయన అభిప్రాయం.

ఆధునిక యుగంలో మాకియవెల్లి ‘ప్రిన్స్’ 1532లో అచ్చయింది. పాలకుడు ఎప్పుడూ మంచిగానే ఉంటానంటే రాజ్యం నిలవదని అందులో నిర్మొహమాటంగా చెప్పాడు. హాబ్స్ 1651లో ‘లెవయతన్’ రాస్తూ శక్తి దాహానికి కారణం వెతికాడు. మనిషి దురాశాపరుడు కాకపోయినా, ఉన్నది కాపాడుకోవాలంటే ఇంకా శక్తి కూడగట్టుకోక తప్పదనీ, ఆ పరుగు చావుతోనే ఆగుతుందనీ అన్నాడు. స్పినోజా దృష్టిలో ప్రతి వస్తువు సారమూ తన ఉనికిని నిలుపుకోవడానికి చేసే ప్రయత్నమే. కాంట్ 1785లో దిశ మార్చి, షరతు లేకుండా మంచిదని చెప్పదగింది మంచి సంకల్పం ఒక్కటేనన్నాడు. మనిషి తన శాసనాన్ని తానే విధించుకోగలడన్న ఆ భావం ఐరోపా నీతికి కొత్త పునాది వేసింది.

ఆ పునాదిని కదిలించినవాడు షోపెన్‌హావర్. లోకమంతా ఒక గుడ్డి సంకల్పమనీ, దానికి గమ్యమంటూ లేదనీ, కోరిక తీరినా తీరకపోయినా మిగిలేది దుఃఖమేననీ, ఆ సంకల్పాన్ని ఆర్పేసుకోవడమే విముక్తి అనీ చెప్పాడు. ఉపనిషత్తులూ బౌద్ధమూ ఆయనను లోతుగా కదిలించాయి. 1865లో లైప్‌జిగ్‌లోని ఒక పాత పుస్తకాల దుకాణంలో ఆయన గ్రంథం ఇరవై ఒక్కేళ్ల నీషే చేతికి చిక్కింది. గురువు దొరికాడనుకున్న ఆ కుర్రవాడు తర్వాతి జీవితమంతా ఆ గురువుకు సమాధానం చెప్పడంలోనే గడిపాడు. లోకం సంకల్పమయమేనని ఒప్పుకున్నాడు. దాన్ని ఆర్పుకోవాలన్న మాటను మాత్రం తోసిపుచ్చాడు.

శక్తి సంకల్పం: మూడు వ్యాఖ్యలు

‘జరతూష్ట్ర ఇలా అన్నాడు’ 1883 నుంచి 1885 వరకు నాలుగు భాగాలుగా వచ్చింది. శక్తి సంకల్పం అనే భావన అందులోనే పూర్తి రూపంలో కనిపిస్తుంది. ప్రాణి కోరేది కేవలం బతికి ఉండడం కాదనీ, తన శక్తిని వెలికి తీయాలనీ తన హద్దు దాటాలనీ కోరుతుందనీ నీషే అంటాడు. బతికి ఉండడం దాని పర్యవసానాల్లో ఒకటి మాత్రమే. స్పినోజాతోనూ, మనుగడ కోసం పోరాటమన్న డార్విన్ వాదంతోనూ ఆయనకు తగాదా ఇక్కడే.

ఈ భావన మీద వ్యాఖ్యలు మూడు దారుల్లో నడిచాయి. హైడెగర్ 1936 నుంచి 1940 వరకు ఇచ్చిన ఉపన్యాసాల్లో దీన్ని ఉనికి స్వరూపం గురించిన సిద్ధాంతంగా చూశాడు. పాశ్చాత్య తత్వం చివరి మజిలీ ఇదేనన్నాడు. అయితే ఆయన ఎక్కువగా ఆధారపడింది నీషే అచ్చు వేయకుండా వదిలేసిన నోట్సు మీద. 1950లో వాల్టర్ కాఫ్‌మన్ దీన్ని మనస్తత్వ శాస్త్రం వైపు తిప్పాడు. ఇతరుల మీద పెత్తనం కన్నా తన మీద తాను సాధించే గెలుపే నీషేకు ముఖ్యమని చూపాడు. నాజీల నీడలో మసకబారిన పేరును మళ్లీ తరగతి గదుల్లోకి తెచ్చింది ఆ పుస్తకమే. 2006లో బెర్నార్డ్ రెజిన్‌స్టర్ మరింత సూక్ష్మంగా వెళ్లి, శక్తి సంకల్పమంటే అడ్డంకిని దాటాలన్న కోరిక అన్నాడు. అడ్డంకి లేకపోతే దాటడమూ లేదు కాబట్టి, ఈ కోరిక ఉన్నవాడు అడ్డంకిని కూడా కోరుకుంటాడు. వీణ సాధన చేసేవాడికి తీగ వేలిని కోస్తుంది. ఒక రాగం పట్టుబడగానే వాడు అంతకన్నా కష్టమైనది ఎత్తుకుంటాడు. ఆ కష్టం తీసేస్తే ఆనందమూ పోతుంది. బాధను లోకం నుంచి తుడిచేయడమే మంచికి పరమావధి అనే నీతిని నీషే ఎందుకు అనుమానించాడో ఈ వ్యాఖ్య చక్కగా విప్పుతుంది. మూడింటిలో గట్టిది ఇదేనని నా అభిప్రాయం.

ఇంత సంకల్పం గురించి మాట్లాడినవాడు స్వేచ్ఛా సంకల్పాన్ని నమ్మలేదన్నది చాలామంది గమనించని సంగతి. తనకు తానే మూలకారణమని చెప్పుకోవడం, ఊబిలో దిగబడ్డవాడు తన జుట్టు తానే పట్టుకుని పైకి లాక్కున్నట్టుందని ఎద్దేవా చేశాడు. ఆయన లెక్కలో ‘నేను సంకల్పించాను’ అనే చోట ఒక్కడు లేడు. లోపల ఎన్నో ప్రేరణలున్నాయి. ఒకటి ఆజ్ఞాపిస్తుంది, మిగిలినవి లొంగుతాయి, గెలిచినదానికి ‘నేను’ అని పేరు పడుతుంది. కాబట్టి స్వేచ్ఛ పుట్టుకతో రాదు. ఆ ప్రేరణలకు ఒక క్రమం ఏర్పరచుకుని, ఇచ్చిన మాటకు నిలబడగలిగిన మనిషి దాన్ని సంపాదించుకుంటాడు. ‘నీతి వంశావళి’ రెండో భాగంలో ఆ మనిషి చిత్రం ఉంది.

గొర్రెపిల్లలూ డేగలూ

‘నీతి వంశావళి’లో మూడు వ్యాసాలున్నాయి. మొదటిది మంచి, చెడు అనే జంట ఎలా పుట్టిందో చెబుతుంది. ప్రాచీన యోధ వర్గాలు తమనే ‘మంచి’ అనుకున్నాయి. బలం, ఆరోగ్యం, తెగువ ఉన్నవాళ్లు మంచివాళ్లు, అవి లేనివాళ్లు హీనులు. అణగిపడ్డవాళ్లకు ఎదురు తిరిగే శక్తి లేదు. తీర్చుకోలేని పగ లోలోపల కుళ్లి, చివరికి విలువలను సృష్టించడం మొదలుపెట్టింది. బలవంతుణ్ణి ముందు దుర్మార్గుడన్నారు, ఆ తర్వాత అతనిలా లేని తమను మంచివాళ్లన్నారు. చేతకానితనానికి సహనమని, లొంగుబాటుకు విధేయతని, పగ తీర్చుకోలేకపోవడానికి క్షమ అని పేర్లు పెట్టుకున్నారు. ఈ తిరుగుబాటుకు నాయకుడు పురోహితుడు.

ఇక్కడే గొర్రెపిల్లల కథ వస్తుంది. డేగలు తమను ఎత్తుకుపోతున్నాయని గొర్రెపిల్లలకు కోపం. అందులో వింతేమీ లేదు. కానీ అవి ఒక అడుగు ముందుకేసి, ఎత్తుకుపోకుండా ఉండడం డేగ చేతిలోనే ఉందనీ, అయినా ఎత్తుకుపోతోంది కాబట్టి అది పాపి అనీ, ఎవరినీ ఎత్తుకుపోని తాము పుణ్యాత్ములమనీ అంటాయి. మెరుపును దాని వెలుగు నుంచి విడదీసినట్టు, చేసే పనినుంచి చేసేవాణ్ణి విడదీసి, వాడు చేయకుండా ఉండగలిగేవాడని ఊహించుకోవడం బలహీనుడికి ఎంతో అవసరమైన నమ్మకమని నీషే విశ్లేషణ.

రెండో వ్యాసం అపరాధ భావన గురించి. అప్పు తీర్చలేనివాడి శరీరాన్ని హింసించే హక్కు అప్పిచ్చినవాడికి ఉండేది. జ్ఞాపకశక్తిని మనిషిలో బాధతోనే నాటారు. సమాజం బిగిశాక బయటికి వెళ్లలేని క్రౌర్యం లోపలికి తిరిగి, మనిషి తనను తానే కొరుక్కోవడం నేర్చుకున్నాడు. ఫ్రాయిడ్ 1930లో నాగరికతలోని అసంతృప్తి గురించి రాసినప్పుడు ఈ దారికి ఎంతో దగ్గరగా నడిచాడు. మూడో వ్యాసం వైరాగ్యాన్ని పరీక్షిస్తుంది. మనిషిని కుంగదీసేది బాధ కన్నా బాధకు అర్థం లేకపోవడం. వైరాగ్యం ఆ అర్థాన్ని ఇచ్చింది కాబట్టే, అది బతుకును కాదంటున్నా మనిషి దాన్ని పట్టుకుని వేలాడాడు. ఏమీ సంకల్పించకుండా ఉండలేక శూన్యాన్నే సంకల్పించాడు.

చరిత్రగా చూస్తే ఇందులో లోపాలు ఎన్నో ఉన్నాయి. అయినా ఒక సత్యం గుండెకు తగులుతుంది. పరాయివాడి పతనాన్ని చూసి న్యాయం గెలిచిందని సంతోషించేటప్పుడు మన లోపల ఏం జరుగుతోందో నిజాయితీగా చూసుకున్నవాళ్లు నీషేను పూర్తిగా కొట్టిపారేయలేరు.

చెల్లెలి చేతికి చిక్కిన కాగితాలు

నీషే మతి తప్పాక ఆయన రాతప్రతులన్నీ చెల్లెలు ఎలిజబెత్ గుప్పిట్లోకి వెళ్లాయి. ఆమె భర్త బెర్నార్డ్ ఫోర్‌స్టర్ పేరుమోసిన యూదు ద్వేషి. పరాగ్వేలో స్వచ్ఛమైన జర్మన్ల కోసమంటూ ఒక వలస గ్రామం పెట్టి, అది చితికిపోయి, 1889లో ఆత్మహత్య చేసుకున్నాడు. తిరిగి వచ్చిన ఎలిజబెత్ అన్న పేర ఒక గ్రంథాగారం నెలకొల్పింది. నోట్సులోంచి ఏరిన 483 ముక్కలతో 1901లో ‘శక్తి సంకల్పం’ అనే పుస్తకం వెలువడింది. 1906 నాటికి ఆ ముక్కలు 1,067 అయ్యాయి. ఆ క్రమంలో అలాంటి పుస్తకాన్ని నీషే ఎన్నడూ పూర్తి చేయలేదు. ఉత్తరాలనూ ఆమె దిద్దిందని తర్వాత బయటపడింది. 1935లో ఆమె అంత్యక్రియలకు హిట్లర్ స్వయంగా వచ్చాడు. 1967 నుంచి కోలీ, మోంటినారీ అనే ఇద్దరు ఇటాలియన్ పండితులు రాతప్రతులను మొదటినుంచి పరిశీలించి శుద్ధ ప్రతి తెచ్చేదాకా ఈ చిక్కుముడి వీడలేదు.

నీషే యూదు ద్వేషులను అసహ్యించుకున్నాడు, జర్మన్ జాతీయవాదాన్ని ఈసడించాడు. అంతవరకు నాజీలు ఆయనను వక్రీకరించారన్న మాట నిజం. కానీ నేరమంతా చెల్లెలి మీదికి నెట్టేస్తే సత్యానికి అన్యాయం జరుగుతుంది. గ్రీకు సంస్కృతి వికసించాలంటే బానిసత్వం తప్పలేదని 1872లోనే రాశాడు. మనిషి స్థాయి పెరగడం ఎప్పుడూ కులీన సమాజం వల్లే జరిగిందనీ, దానికి ఏదో ఒక అర్థంలో బానిసత్వం కావాలనీ ‘మంచిచెడులకు ఆవల’లో అన్నాడు. ప్రజాస్వామ్యం గురించీ, స్త్రీల విమోచన గురించీ ఆయన రాసింది చదివితే మనసు చివుక్కుమంటుంది. ఈ మాటలు ఎవరూ దిద్దినవి కావు. 1924లో షికాగోలో బాగా చదువుకున్న ఇద్దరు సంపన్న యువకులు తాము మామూలు నీతికి అతీతులమనుకుని ఒక పిల్లవాణ్ణి చంపారు. వాళ్లలో ఒకడి తలకెక్కిన నీషే గురించి కోర్టులో వాదన కూడా జరిగింది. హత్య చేయమని నీషే చెప్పలేదు. కానీ తనను తాను దాటిన మనిషిగా ఆయన ఊహించిన అతిమానవుడు ఎవరో గుర్తించడానికి ఆయన ఇచ్చిన కొలబద్ద, ఎవరికి వాళ్లు తమకే అన్వయించుకునేంత వదులుగా ఉంది.

వారసులు

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రశ్నను ఎక్కువగా ముందుకు తీసుకుపోయినవాడు మిషెల్ ఫూకో. 1975లో వచ్చిన ఆయన గ్రంథం రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి మొదలవుతుంది. 1757లో రాజు మీద దాడి చేసిన దామియెన్‌ను పారిస్‌లో జనం చూస్తుండగా చిత్రహింసలు పెట్టి చంపడం మొదటిది. ఎనభై ఏళ్ల తర్వాత ఒక బాల నేరస్థుల జైలులో లేవడం, పని, చదువు, ప్రార్థన, నిద్ర వేళలను నిమిషాలతో సహా రాసిన దినచర్య రెండోది. శిక్ష దయగా మారిందని అందరూ అనుకునేచోట, శక్తి మరింత లోతుకు దిగి మనిషినే తయారుచేయడం మొదలుపెట్టిందని ఫూకో చూపాడు. శక్తి వద్దనడమే కాదు, అలవాట్లనూ జ్ఞానాన్నీ ఉత్పత్తి చేస్తుంది. నీషే పద్ధతి ఇక్కడ వీరులను వదిలేసి బడులు, ఆసుపత్రులు, జైళ్ల వైపు తిరిగింది.

హన్నా ఆరెంట్ 1970లో శక్తినీ హింసనూ వేరు చేసింది. మనుషులు కలిసి పనిచేసినప్పుడు పుట్టేది శక్తి, అది క్షీణించిన చోట తలెత్తేది హింస అన్నది. 1974లో స్టీవెన్ ల్యూక్స్ మరో మెలిక విప్పాడు. ఎదుటివాడి కోరికలనే మలిచి, తన స్థితి సహజమేనని వాడే ఒప్పుకునేలా చేయడం అన్నిటికన్నా పెద్ద శక్తి అన్నాడు. అలాస్‌డేర్ మెకింటైర్ 1981లో ఆధునిక నీతి పునాదులు కూలిపోయాయన్న నీషే నిర్ధారణను ఒప్పుకుంటూనే, అరిస్టాటిల్ వైపు మళ్లాలన్నాడు. ఫిలిపా ఫుట్ సూటిగా అడిగింది: తన బలం వెలికి వచ్చినంత మాత్రాన అన్యాయం చేసినవాణ్ణి మెచ్చుకోవడం ఎలా కుదురుతుంది?

మనువు ముందు ఆగిన ప్రశ్న

నీషేకు భారతదేశంతో పరిచయం లేకపోలేదు. షుల్‌ప్ఫోర్టా బడిలో ఆయన సహాధ్యాయి పాల్ డాయిసెన్ తర్వాత గొప్ప వేదాంత పండితుడయ్యాడు. అరవై ఉపనిషత్తులను జర్మన్‌లోకి తెచ్చాడు. బౌద్ధం మీద నీషేకు గౌరవం ఉంది. అది పగను మందులా మాన్పే ప్రయత్నమనీ, క్రైస్తవం కన్నా నిజాయితీ గలదనీ అన్నాడు. ఆయనను పట్టించే చోటు మాత్రం మనుస్మృతి.

1888 మే నెలలో టురిన్‌లో ఆయన చేతికి లూయీ జకోలియో ఫ్రెంచి అనువాదం వచ్చింది. జకోలియో ఫ్రెంచి వలస ప్రాంతమైన చందర్‌నగర్‌లో న్యాయాధికారిగా పనిచేసినవాడు. పాండిత్యం తక్కువ, ఊహ ఎక్కువ. ఆ పుస్తకం ఆధారంగా నీషే ‘విగ్రహాల సంధ్యవేళ’లో చండాలుల మీద విధించిన నియమాలు ఏకరువు పెట్టాడు. వాళ్లు ఉల్లి, వెల్లుల్లి తినాలి. నది నీళ్లు, ఊట నీళ్లు, చెరువు నీళ్లు ముట్టరాదు. ఊబి దారుల్లో, పశువుల గిట్టల గుంటల్లో నిలిచిన నీళ్లే వాళ్లకు. ఇందులో చాలా భాగం ప్రామాణిక పాఠంలో లేదు. ఊరి బయట బతకాలనీ, శవాల బట్టలు కట్టాలనీ, పగిలిన పాత్రల్లో తినాలనీ పదో అధ్యాయంలో ఉన్నమాట మాత్రం నిజం.

ఈ నియమాల క్రూరత్వం నీషేకు తెలుసు. మనుషులను ‘బాగుచేయడానికి’ వాడిన సాధనాలన్నీ అనైతికమైనవేనని అక్కడే అన్నాడు. మనువు గ్రంథం పవిత్రమైన అబద్ధం మీద నిలబడిందని సొంత నోట్సులో రాసుకున్నాడు కూడా. అయినా అదే ఏడాది రాసిన ‘యాంటీక్రైస్ట్’లో ఆ గ్రంథాన్ని బైబిల్ కన్నా ఎంతో ఎత్తున పెట్టాడు. వర్ణ క్రమం ప్రకృతి క్రమానికే ముద్ర వేయడమన్నాడు. పైవర్గాలు జనం మీద పట్టు నిలుపుకునే తీరును మెచ్చాడు.

ఆయన పద్ధతి కుప్పకూలింది ఇక్కడే. యూదుల నేల జుడియాలో పురోహితుణ్ణి చూడగానే వాడి పవిత్రత వెనక ఏ ప్రయోజనం ఉందని అడిగినవాడు, గంగ ఒడ్డున పురోహితుడు తనను తానే అగ్రస్థానంలో నిలబెట్టుకుంటే దాన్ని ప్రకృతి నియమం అన్నాడు. ఆయన సిద్ధాంతం ప్రకారం వినయాన్నీ విధేయతనూ నీతిగా మార్చేది కిందివాడి పగ. మనువు విషయంలో శూద్రుడికి సేవే ధర్మమని రాసింది శూద్రుడు కాదు, సేవ చేయించుకునేవాడు. కాలిక్లిస్ మాట నమ్ముకున్న నీషేకు త్రాసిమాకస్ ఎదురొచ్చి నిలబడితే గుర్తుపట్టలేకపోయాడు.

మన ఇళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. ఆడపిల్లకు ఓర్పు ఉండాలి, అత్తింట సర్దుకుపోవాలి, పెద్దలు ఏమన్నా నోరెత్తకూడదు అన్న నీతులు కోడళ్లు పగతో అల్లుకున్నవి కావు. ఉన్నంతలో తృప్తి పడాలన్న హితవు కూలివాడు కనిపెట్టింది కాదు. బలహీనుల నీతిగా కనిపించేదానిలో ఎంతో భాగం బలహీనుల కోసం బలవంతులు రాసిపెట్టినది. విలువకు మూలమేదని అడిగే పద్ధతి మంచిదే. అది ముందుగా అడగవలసింది ఆ విలువ వల్ల ఎవరి పని తేలికవుతోందని.

అంబేద్కర్ ఆ ప్రశ్నను అడిగారు. ఆయన మరణం తర్వాత 1987లో మహారాష్ట్ర ప్రభుత్వ సంపుటాల్లో వెలువడిన ‘హిందూయిజం తత్వం’ అనే రచనలో నీషేనూ మనువునూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఇద్దరిదీ అతిమానవుల తత్వమే అంటూనే ఒక తేడా ఎత్తిచూపారు. నీషే అతిమానవుడు యోగ్యతతో ఆ స్థానానికి వస్తాడు. మనువు అతిమానవుడు పుట్టుకతోనే అక్కడ ఉంటాడు. నీషే స్వప్రయోజనం లేని తత్వవేత్త, మనువు ఒక వర్గం హక్కుల కాపలాదారు. అందువల్ల ఇద్దరిలో మనువు తత్వమే నీచమైనదని ఆయన తీర్పు. నీషే తన మీద తాను చేసుకోలేకపోయిన విమర్శను, నీషేకు చెందవలసిన గౌరవం తగ్గించకుండా అంబేద్కర్ పూర్తిచేశారు.

అంతకన్నా బలమైన సమాధానం పుస్తకంలో లేదు. 1927 మార్చి 20న మహద్ పట్టణంలో అంబేద్కర్ వేలాదిమందితో కలిసి చవ్దార్ చెరువు దగ్గరికి నడిచి దోసిలితో నీళ్లు తాగారు. నీషే కాగితం మీద ఎక్కించిన నీళ్ల నియమం లాంటిదే ఇక్కడ మనుషుల గొంతు మీద నడుస్తున్న చట్టం. అదే ఏడాది డిసెంబరు 25న మహద్‌లోనే మనుస్మృతిని తగలబెట్టారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాదిమందితో బౌద్ధం స్వీకరించి, తిరస్కారం దగ్గర ఆగిపోకుండా కొత్త విలువలకు ఒక రూపం ఇచ్చారు. కిందివాడు చేయగలిగింది ప్రతీకారమే, సృష్టించడం పైవాడి పని అన్న నీషే నమ్మకాన్ని ఈ చరిత్ర నిలబడనివ్వదు. విలువల పునర్మూల్యాంకనం అని ఆయన కలగన్నది, ఆయన అనర్హులనుకున్నవాళ్ల చేతుల మీదుగా జరిగింది.

తెలుగునాట కూడా ఈ పనికి నీషే అనుమతి కోసం ఎవరూ ఆగలేదు. త్రిపురనేని రామస్వామి 1920లో ‘శంబుకవధ’ నాటకం రాశారు. తపస్సు చేసిన శూద్రుణ్ణి చంపడం ధర్మమెలా అయిందని పురాణాన్నే బోనెక్కించారు. పద్ధతి అదే: పవిత్రమని చెప్పినదాని వెనక ఎవరి ప్రయోజనం ఉందో చూడడం.

ప్రశ్నను ఎలా పట్టుకోవాలి

నీషే దగ్గర నేర్చుకోవలసింది మూడు మాటల్లో చెప్పగలం. నీతి ఆకాశంనుంచి ఊడిపడలేదు, దానికి చరిత్ర ఉంది. సంకల్పం పుట్టుకతో వచ్చిన సొత్తు కాదు, కష్టపడి కూర్చుకోవలసిన క్రమం. న్యాయం పేరుతో మనం చూపే ఆగ్రహంలో పగ పాలు ఎంతో తూచుకోవాలి. ఈ మూడూ ఇవాళ్టికీ అవసరమే. కులం పేరుతో, మతం పేరుతో, జాతి పేరుతో పాత గాయాలను రేపి బతికే రాజకీయాలను అర్థం చేసుకోవడానికి ఆయన పగ విశ్లేషణను మించిన పనిముట్టు దొరకదు.

వదులుకోవలసింది మనుషులను మెట్లుగా పేర్చే ఆయన తీర్మానం. దాన్ని కేవలం మనకు నచ్చక వదిలేయనక్కర్లేదు. ఆయన పద్ధతినే ఆయనకు వర్తింపజేస్తే అదే రాలిపోతుంది. ఎత్తులో నిలబడినవాడు ఎత్తును ప్రకృతి అంటున్నాడంటే అనుమానించమని నేర్పింది ఆయనే.

ఒక విలువను తూచేటప్పుడు అది బతుకును పెంచుతుందా అని నీషే అడిగాడు. ఎవరి బతుకును అన్న మాట దానికి చేర్చాలి. ఆ విలువ బరువు ఎవరి భుజాల మీద పడుతోందో వాళ్ల సాక్ష్యం లేకుండా ఆ తూకం పూర్తి కాదు. నీతిని నిలదీసే హక్కు ఏ అతిమానవుడికీ ప్రత్యేకంగా దఖలు పడలేదు. ఆ హక్కు అందరిదీ, నీతి పేరున నోరు మూయించబడ్డవాళ్లది అందరికన్నా ముందు.